ఈ-ఉత్తరానికి రేవు, ముద్ర

ఐర్లండులోని తెలుగు సంఘాలు ఉగాది ఆహ్వానాలను ఈ-మెయిలు ద్వారా పంపడం పరిపాటి. సంఘానికి సొంత మెయిలు సర్వరు ఉన్నచోట ఒక చిక్కు తరచు ఎదురవుతుంది. కార్యదర్శి పంపానంటారు, సభ్యులు అందలేదంటారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. ఉత్తరం బయలుదేరడం వేరు, అవతలి సర్వరు దానిని నమ్మడం వేరు. ఈ రెండింటినీ విడదీసి పరీక్షించడమే చిక్కు విప్పే మార్గం.

ముందుగా బయలుదేరడం సంగతి చూద్దాం. సర్వరులోని పోర్టులను ఓడరేవులతో పోల్చవచ్చు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క సంఖ్య గల రేవు ఉంటుంది. ఉత్తరాలను చేరవేసే ఎస్.ఎం.టి.పి. నియమావళిని జాన్ పోస్టెల్ 1982లో ప్రచురించాడు. సర్వరు నుండి సర్వరుకు జరిగే రవాణాకు 25వ పోర్టు ఉద్దేశింపబడింది. చెత్త ఉత్తరాలను అరికట్టడానికి అనేక ఇంటర్నెట్ సంస్థలు తమ ఖాతాదారులకు ఈ రేవును మూసివేస్తాయి. మన కంప్యూటరు నుండి సర్వరుకు ఉత్తరాన్ని అప్పగించడానికి 1998లో 587వ పోర్టును ప్రత్యేకించారు. ఆరంభం నుండే గుప్తీకరించిన సంబంధానికి 465వ పోర్టు ఉన్నది. ఈ రెండింటిలోనూ సాధారణంగా ఖాతా పేరు, పాస్‌వర్డు అడుగుతారు. మన సర్వరుకే 25వ రేవు మూసి ఉంటే, ఉత్తరాలను 587 ద్వారా వేరొక మెయిలు సేవకు అప్పగించి, దాని చేత పంపించాలి.

లోపమెక్కడున్నదో సర్వరు లాగ్ చెబుతుంది. ఎంతసేపటికీ జవాబు రాక సంబంధం తెగిపోతే రేవు మూసి ఉన్నదని అనుమానించాలి. 535 సంఖ్య వస్తే ఖాతా పేరో, పాస్‌వర్డో తప్పు. 4తో మొదలయ్యే సంఖ్య తాత్కాలికమైన ఆటంకం. సర్వరు తానే మళ్ళీ ప్రయత్నిస్తుంది. 5తో మొదలయ్యేది తిరస్కారం. చివరగా 250 వచ్చినదంటే అవతలి సర్వరు ఉత్తరాన్ని స్వీకరించినట్లే. అప్పటికీ సభ్యునికి కనబడకపోతే, ఇక ప్రశ్న నమ్మకానిది.

పాత నియమావళిలో పంపినవారి చిరునామాగా ఎవరు ఎవరి పేరైనా వ్రాయవచ్చును. ఈ లోటు తీర్చడానికి మూడు ఏర్పాట్లు వచ్చాయి. మూడింటి వివరాలూ డి.ఎన్.ఎస్. అనే బహిరంగ పట్టికలో ఉంటాయి. మన డొమైను పేరిట ఏయే సర్వర్లు ఉత్తరాలు పంపవచ్చునో ఎస్.పి.ఎఫ్. ప్రకటిస్తుంది. డి.కె.ఐ.ఎం. ఉత్తరంపై రహస్య తాళంతో ముద్ర వేస్తుంది. పట్టికలోని బహిరంగ తాళంతో ఎవరైనా ఆ ముద్రను సరిచూడవచ్చు. పైకి కనిపించే చిరునామాతో ఈ రెండింటిలో ఒక్కటైనా సరిపోలకపోతే ఏమి చేయాలో డి-మార్క్ తెలుపుతుంది. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు పెద్దసంఖ్యలో ఉత్తరాలు పంపేవారికి ఈ మూడింటినీ తప్పనిసరి చేశాయి.

ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాట్లు కొన్నే. ఒకే డొమైనుకు రెండు ఎస్.పి.ఎఫ్. వాక్యాలు వ్రాస్తే రెండూ చెల్లవు. ఆ వాక్యాన్ని సరిచూడటానికి పట్టికను పదిసార్లకు మించి వెదకవలసి వస్తే అదీ చెల్లదు. కొత్త మెయిలు సేవకు మారినప్పుడు దాని పేరును చేర్చడం మరచిపోతారు. ఉత్తరం వేరొక చిరునామాకు మళ్ళింపబడితే ఎస్.పి.ఎఫ్. విఫలం కావచ్చును, మార్పు లేకుండా చేరితే డి.కె.ఐ.ఎం. ముద్ర నిలుస్తుంది. కావున రెండూ అవసరమే. డి-మార్క్‌ను తొలుత కేవల పరిశీలనకే ఉంచి, నివేదికలు చూచిన పిదప తిరస్కరణ దాకా బిగించడం క్షేమం.

ఇంత శ్రమ దేనికని అనిపించవచ్చు. 2021 మార్చిలో ఐర్లండు ఆరోగ్యసేవా సంస్థ హెచ్.ఎస్.ఈ.లో, మోసపు ఈ-మెయిలుతో వచ్చిన ఒక ఎక్సెల్ పత్రాన్ని తెరవడంతో దుండగులకు దారి దొరికింది. మే 14న ఆ సంస్థ దేశమంతటా తన కంప్యూటరు వ్యవస్థలను నిలిపివేయవలసి వచ్చింది. ముద్రలు ఉత్తరంలోని దుర్బుద్ధిని పసిగట్టలేవు. అది ఆ డొమైను నుండే వచ్చిందా అన్నది మాత్రమే చెప్పగలవు. కాని మనకు ఆ మాత్రమూ ముఖ్యమే. పరదేశంలో మరణించిన తోటివాని పార్థివదేహాన్ని ఇంటికి చేర్చడానికి సంఘం చందాలు కోరిన నాడు, ఆ పిలుపు సభ్యులందరికీ చేరాలి. అదే పేరుతో వచ్చే మోసగాని పిలుపు చేరకూడదు. రేవు, ముద్ర రెండూ సరిగా ఉంటేనే అది సాధ్యం.