కోటు ఏమయింది?

పిల్లలూ, ఆదోనిలో పత్తి బేలు కట్టగానే దానికి ఒక నంబరు వేస్తారు. 170 కిలోల ఆ బేలు ఎంత దూరం పోయినా, అది ఎక్కడ కట్టిందో నంబరు చూసి చెప్పవచ్చు. మ్యూజియంలోనూ అంతే. వస్తువు రాగానే నంబరు వేసి, ఎవరిచ్చారో ఎప్పుడిచ్చారో పుస్తకంలో రాసుకోవాలి. అద్దాల బీరువా సంగతి తరవాత!

ఇలా ఎందుకంటున్నానో వినండి. హాకీ వీరుడు బల్బీర్ సింగ్ 1948, 1952, 1956 ఒలింపిక్సులలో బంగారు పతకాలు గెలిచాడు. 1952 ఫైనలులో మనవాళ్ళు ఆరు గోళ్ళు కొడితే, అందులో అయిదు ఆయనవే! దేశానికి ఒక క్రీడల మ్యూజియం వస్తుందంటే సంతోషించి, 1985లో 36 పతకాలూ, వందకు పైగా ఫొటోలూ, 1956లో కెప్టెనుగా తొడుక్కున్న కోటూ భారత క్రీడా ప్రాధికార సంస్థకు ఇచ్చేశాడు.

అప్పుడనుకున్న మ్యూజియం తయారు కాలేదు. 2012లో లండను ఒలింపిక్సు ప్రదర్శనకు ఆ వస్తువులు కావలసి అడిగితే, ఏమయినాయో ఎవరూ చెప్పలేకపోయారు. 2020లో ఆయన పోయేదాకా అవి దొరకనే లేదు.

బట్టకు చెమ్మా, పురుగూ ఎంత చెరుపో ఎమ్మిగనూరు నేతవారి పిల్లలకు వేరే చెప్పాలా? ఆ కోటు ఏ మూలన పడి ఉన్నదో!

మీ బడిలో హెడ్మాస్టరుగారి గదిలో కప్పులున్నాయి కదా? ఏ ఏడు ఎవరు గెలిచారో వాటిమీద రాసి ఉన్నదా?