కాకినాడపై బాంబులు పడ్డ సోమవారం

1942 ఏప్రిల్ 6, ఈస్టర్ మర్నాడు. జపాన్ విమానాలు కాకినాడ మీద, విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ఈ మాట చెబితే “మన దగ్గరా?” అని ఆశ్చర్యపోయే తెలుగువాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధమంటే మనకు పత్రికల్లో చదివిన యుద్ధమేనన్న నమ్మకం అంతగా పాతుకుపోయింది.

అపోహ: యుద్ధం తెలుగు తీరం దాకా రాలేదు.

ఆనాటి కోస్తా జిల్లాల వాళ్లు వింటే ఈ మాట ఒప్పుకోరు. అసలు యుద్ధం వాళ్ల ఇళ్లలోకి అంతకు మూడున్నర నెలల ముందే వచ్చింది. కోరంగి రేవులో ఓడెక్కి బర్మా వెళ్లిన తెలుగు కూలీలను అక్కడ ‘కోరంగీలు’ అనేవారు. రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్లలో, రిక్షాలు లాగినవాళ్లలో, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్లలో వాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. మర్నాటి నుంచే జనం ఓడల్లోనూ, అవి దొరకనివాళ్లు కాలినడకన కొండలూ అడవులూ దాటుకుంటూ ఇండియా దారి పట్టారు. ఎందరో దారిలోనే రాలిపోయారు. బతికి చేరినవాళ్లకు సొంత తీరంలోనూ బాంబుల మోతే వినిపించింది.

అపోహ: భారతదేశంలో జపాన్ మొదట బాంబులు వేసింది కలకత్తా మీద.

కలకత్తా వంతు 1942 డిసెంబర్‌లో వచ్చింది. అండమాన్ దీవులను మినహాయిస్తే, ఏప్రిల్‌లోనే ఆ అనుభవం చవిచూసినవి కాకినాడ, విశాఖ. మన పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతికి ఇంకాస్త చోటు దక్కాల్సింది.

ఎందుకీ ఊళ్లే? సముద్రం మీద సాగే సరకు రవాణాను దెబ్బతీయడమే ఆ దాడి లక్ష్యం. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉన్న విశాఖ రేవు 1933లో మొదలైంది. 1941లో పక్కనే సింధియా నౌకానిర్మాణ కేంద్రానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఈ దాడి చేసింది జపాన్ వైస్ అడ్మిరల్ ఒజావా నడిపిన దళం. అందులో ర్యుజో అనే చిన్న విమానవాహక నౌక, దాని వెంట క్రూయిజర్లు ఉన్నాయి. ఆ రోజుల్లోనే ఆ దళం బంగాళాఖాతంలో 20కి పైగా వర్తక నౌకలను ముంచింది. ఊళ్లలో ప్రాణనష్టం తక్కువే. సముద్రంలో మునిగిన ఓడల మీది ఖలాసీల గురించి మాత్రం మనం మాట్లాడుకున్నది బహు తక్కువ.

అపోహ: జపాన్ సేన తీరంలో దిగబోయింది, త్రుటిలో తప్పింది.

దిగడానికి కావలసిన సైన్యం ఆ దళం వెంట లేనే లేదు. కానీ సింగపూర్, రంగూన్, అండమాన్ వరుసగా పోయాక ఆ సంగతి జనానికి ఎవరు చెప్పగలరు? విశాఖ వదిలి కుటుంబాలు పల్లెలకు తరలాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు మారింది. మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలే లోపలి ఊళ్లకు వెళ్లిపోయాయి. బోనులు పగిలితే ఊరి మీద పడతాయన్న భయంతో జంతుప్రదర్శనశాలలోని పులులను, సింహాలను కాల్చి చంపారు. అప్పటికి బాంబు పడని నగరంలో జరిగిన ఈ ఘోరం ఆ నాటి భయానికి నిలువెత్తు సాక్ష్యం.

అపోహ: సుభాష్ చంద్రబోస్ జపాన్ పక్షాన ఉండగా, భారత విముక్తి కోసమే ఈ దాడి జరిగింది.

తేదీలు చూస్తే చాలు, ఈ కథ నిలవదు. 1942 ఏప్రిల్‌లో నేతాజీ ఉన్నది జర్మనీలో. జలాంతర్గామిలో బయల్దేరి ఆయన తూర్పు ఆసియా చేరింది 1943లో. ఆజాద్ హింద్ ఫౌజ్ పగ్గాలు పట్టింది అదే ఏడాది జులైలో.

ఇక ర్యుజో. 1942 ఆగస్టు 24న పసిఫిక్‌లో సోలమన్ దీవుల దగ్గర జరిగిన పోరులో, అమెరికా విమానాల దెబ్బకు అది మునిగిపోయింది. మన తీరం మీద బాంబులు వేసి అప్పటికి ఇంకా అయిదు నెలలు నిండలేదు.