పత్తికట్టె నుంచి జీవతైలం

పత్తితీత ముగిసిన పిదప గుంటూరు, వరంగల్ ప్రాంతాలలో పలువురు రైతులు పత్తికట్టెను చేలలోనే తగులబెట్టడం పరిపాటి. దీనివలన పొగ వ్యాపించడమే గాక, పైమట్టిలోని మేలుచేసే సూక్ష్మజీవులు నశిస్తాయి.

ఇదే కట్టెను ఆరబెట్టి, పొడిచేసి, గాలి చొరబడని పాత్రలో సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తే మండదు. అధికభాగం ఆవిరిగా మారి, మిగిలినది బొగ్గవుతుంది. ఆవిరిని చల్లార్చగా లభించేదే జీవతైలం. ఆమ్లాలు, ఆక్సిజన్ అధికంగా ఉన్నందున ఈ తైలం లోహాన్ని తినివేస్తుంది. నిల్వ ఉంచితే చిక్కబడుతుంది.

చల్లార్చక ముందే ఆవిరిని జియోలైట్ అనే ఉత్ప్రేరకం మీదుగా పంపితే, ఆక్సిజన్ నీరుగా, కార్బన్ వాయువులుగా కొంత తొలగిపోతుంది. తైలం పరిమాణం తగ్గినా నాణ్యత పెరుగుతుంది. ఉత్ప్రేరకంపై పేరుకొనే మసిని ఎప్పటికప్పుడు కాల్చి తొలగించవలసి ఉంటుంది. వాహనాలలో వినియోగానికి తైలాన్ని మరింత శుద్ధిచేయాలి.

చేలో తగులబెట్టిన కట్టె బూడిదగానే మిగులుతుంది. ఈ విధానంలో ఇంధనంతోపాటు నేలకు ఉపకరించే బొగ్గు కూడా లభించడం గమనార్హం.