ఆల్చిప్ప కిటికీ ఊడితే మళ్లీ రాదు

పనాజీలోని ఫోంటెన్హాస్ వీధుల్లో నడిచేవారికి కొన్ని పాత కిటికీల్లో గాజు కనిపించదు. సన్నటి చెక్క పట్టీల మధ్య పాల మీగడ రంగు పలకలు వరసగా కనిపిస్తాయి. అవి ఆల్చిప్పలు. ప్లకునా ప్లసెంటా అనే జీవి గుల్ల దాదాపు బల్లపరుపుగా, వెలుతురు చొరబడేంత పలచగా ఉంటుంది. గాజు అరుదుగా దొరికే పోర్చుగీసు కాలంలో గోవా వడ్రంగులు దాని అంచులు కత్తిరించి పట్టీల గాడుల్లోకి జార్చారు. వెలుగు లోపలికి వస్తుంది, ఎండ చురుకు రాదు. వీధిలో పోయేవారికి ఇంట్లో మనిషి కనిపించడు.

మరమ్మతు మొదలైతే ముందుగా ప్రమాదంలో పడేవి ఈ కిటికీలే. యజమానులను తప్పుపట్టడం తేలిక. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన దంచే చోట చెక్క ఉబ్బుతుంది, చెద పడుతుంది, రెక్క మూతపడదు. ఏసీ పెడితే చల్లదనమంతా సందుల్లోంచే పోతుంది. పైగా యూపీవీసీ కిటికీకి రంగు వేసే పని కూడా లేదు.

చిక్కు బిగించేటప్పుడు మొదలవుతుంది. ఈ ఇళ్ల గోడలు ఎర్రటి లాటరైట్ రాయివి, పైన సున్నపు పూత. వందేళ్లు దాటిన గోడలో కిటికీ ఖాళీ మూలమట్టానికి సరిపోతుందని ఆశించకూడదు. పని తెలిసిన మేస్త్రి వెడల్పును మూడు చోట్ల, ఎత్తును మూడు చోట్ల, ఆపైన ఐమూలగా కొలిచి, అన్నిటికన్నా తక్కువ వచ్చిన కొలతను చూసుకుని ఫ్రేము చేయిస్తాడు. తెలియనివాడు ఒక్క కొలతతో ఆర్డరిచ్చి, పట్టకపోతే గోడ చెక్కి, సందుల్లో సిమెంటు కూరతాడు. సున్నం పీల్చుకున్న తడిని మళ్లీ వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. కిటికీ కొత్తగానే ఉంటుంది, చుట్టూ గోడ మాత్రం చెమ్మగిల్లి పెళ్లలు రాలుతుంది.

పోనీ, పగిలిన చిప్పల స్థానంలో కొత్తవి వేయిద్దామంటే? 2001లో కేంద్రం ఈ జీవిని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి తెచ్చింది. జువారి నది ముఖద్వారంలోని చికాలిం అఖాతంలో ఇవి పెరుగుతాయి గానీ తెచ్చుకుని కిటికీలో పెట్టుకోవడానికి లేదు. తెలుగువారికీ ఈ గుల్ల కొత్తది కాదు. కాకినాడ అఖాతంలో దీన్ని ఏరి సున్నం కాల్చేవారు. అక్కడ కిటికీకెక్కింది, మన దగ్గర బట్టీకెక్కింది!

కాబట్టి మిగిలిన సరుకల్లా పాత రెక్కల్లో ఉన్నదే. ఊడదీసిన రెక్కను చెత్తలో వేయకుండా అటకమీద దాచినా చాలు, మరో కిటికీకి చిప్పలు దొరుకుతాయి. అసలు ఊడదీయక్కర్లేదు కూడా. గోడ మందం ఎక్కువ కనుక చాలాచోట్ల పాత రెక్కలను అలాగే ఉంచి లోపలి వైపు గాజు తలుపులు బిగించుకోవచ్చు. ఖర్చు కాస్త పెరుగుతుంది. అయితే ముందు వడ్రంగిని పిలిచి చూపించాలి, కిటికీల కంపెనీవాళ్లను ఆ తర్వాతే.