ఉప్పుకల్లు లోపల

మా నౌపడలో దేనికి కొదవ ఉన్నా ఉప్పుకు లేదు. ఊరి పక్కనే ఉప్పుమళ్లు, వేసవి వచ్చిందంటే ఎండకు తెల్లగా మెరిసే కుప్పలు. అటువంటి చోట పుట్టి పెరిగి, ఉప్పుకల్లు లోపల ఏమున్నదో అరవై దాటేవరకూ ఆలోచించలేదంటే మీరు నవ్వుతారు. ఆలోచింపజేసినది తొమ్మిదో తరగతి చదివే మా మనుమరాలు.

"తాతా, బడిలో ప్రదర్శన. పరమాణువు నమూనా చెయ్యాలి" అన్నది.

"ఉప్పు ఊళ్లో ఉండి మరొకటి ఎందుకు? సోడియం చేద్దాం" అన్నాను.

బజారులో ఏమీ కొనలేదు. చెరువు బంకమట్టితో బఠానీ గింజలంత ఉండలు 23 చేశాము. అందులో పదకొండు కుంకుమలో దొర్లించాము, అవి ప్రోటానులు. తక్కిన పన్నెండూ న్యూట్రానులు. పచ్చిగా ఉండగానే అన్నిటినీ ఒక ముద్దగా అదిమితే కేంద్రకం. పచ్చి కొబ్బరి ఈనెలను మూడు చుట్టలుగా వంచాము. వాళ్ల అమ్మమ్మ తెగిన దండలోని నీలం పూసలు ఎలక్ట్రానులు: లోపలి చుట్టకు రెండు, మధ్య చుట్టకు ఎనిమిది, బయటి చుట్టకు ఒక్కటి. పూసలు ఎక్కించిన తరువాతనే ఈనె కొసలు కట్టాలి సుమా! మేము ముందే కట్టేసి, మళ్లీ విప్పుకున్నాము. మట్టి ఆరకుండానే ఆత్రంగా వేలాడగట్టితే అర్ధరాత్రి దబ్బున ఊడి పడింది. నీడలో రెండు రోజులు ఆరనివ్వాలని అప్పుడు తెలిసింది.

రెండోసారి కట్టినది బాగానే నిలిచింది. ఏటా మాకు ఉప్పు తెచ్చి ఇచ్చే ముసలాయన గుమ్మంలో ఆగి దాన్ని అటూ ఇటూ చూచాడు.

"ఏటి పాపా ఇది?"

"సోడియం, తాతా. ఉప్పులో ఉంటుంది."

"ఇందల ఉప్పెక్కడుందేటి?"

పిల్ల నా మొహం చూచింది. నేను నేల చూపులు చూచాను. నిజమే గదా! సోడియం నీళ్లలో పడితే భగ్గుమంటుంది. క్లోరిన్ విషవాయువు, 1915లో ఈప్ర యుద్ధరంగంలో మనుషుల మీదకు వదిలినది దానినే. ఈ రెంటి నుంచి పప్పులో వేసుకునే ఉప్పు ఎట్లా పుట్టింది?

ఆ సాయంత్రమే క్లోరిన్ కూడా కట్టాము. పదిహేడు పూసలు: రెండు, ఎనిమిది, ఏడు. బయటి చుట్టలో ఎనిమిదికి ఒక్కటి తక్కువ. మనుమరాలు సోడియం బయటి పూసను తీసి క్లోరిన్ చుట్టలోకి ఎక్కించింది. ఇచ్చినవాడికి ధనావేశం, పుచ్చుకున్నవాడికి రుణావేశం. కనుక ఒకదానినొకటి లాగుతాయి.

"అయితే ఇద్దరూ జంటా తాతా?"

"జంటే" అన్నాను ధీమాగా.

రాత్రి పుస్తకం తిరగేస్తే నా ధీమా దిగిపోయింది. 1913లో లారెన్సు బ్రాగ్ అనే కుర్రవాడు ఎక్స్-కిరణాలతో ఉప్పు స్ఫటికం లోపలి అమరిక తేల్చాడు. అక్కడ జంటలే లేవు! ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరిన్లు, ప్రతి క్లోరిన్ చుట్టూ ఆరు సోడియాలు. తండ్రితో కలిసి 1915లో నోబెల్ బహుమతి అందుకునేనాటికి అతనికి పాతికేళ్లు. ఆర్మ్‌స్ట్రాంగ్ అనే పెద్ద రసాయన శాస్త్రజ్ఞుడు మాత్రం 1927లో కూడా, ఉప్పును చదరంగం బల్ల చేశారేమిటని 'నేచర్' పత్రికలో ఎగతాళి చేశాడు. ఆయనకే మింగుడు పడనిది నాకు తెలియలేదంటే పెద్ద తప్పేమీ కాదు.

మర్నాడు మళ్లీ బంకమట్టి. ఈసారి 27 ఉండలు. ఎలక్ట్రాను పోయిన సోడియం చిక్కిపోతుంది, పుచ్చుకున్న క్లోరిన్ ఉబ్బుతుంది. అందుకని రేగుపండంత పసుపు ఉండలు పదమూడు, నిమ్మకాయంత తెల్లవి పద్నాలుగు చేసి, చీపురుపుల్లలతో ఒకటి విడిచి ఒకటిగా గుచ్చాము. వరుసకు మూడు, అంతస్తుకు తొమ్మిది, మొత్తం మూడంతస్తులు. నట్టనడుమ పసుపు ఉండ, దాని ఆరు వైపులా ఆరు తెల్లవి. మిల్లీమీటరు అంచున్న కల్లులో ఒక్క వరుసకే ఇటువంటివి సుమారు 35 లక్షలు! మా ఉండల కొలతన పేర్చుకుంటూ పోతే ఆ వరుస ఇక్కడినుంచి శ్రీకాకుళం దాటిపోతుంది.

చుట్టల నమూనా అబద్ధమా అంటే, కొంత అబద్ధమే. కేంద్రకం నిజంగా నిమ్మకాయంత అయితే బయటి పూస సుమారు కిలోమీటరు దూరాన ఉండాలి. పైగా ఎలక్ట్రానులు గ్రహాల్లా గీసిన దారిన తిరగవు, మబ్బులా పరచుకుని ఉంటాయి. ఈ రెండు మాటలూ ఒక అట్టముక్క మీద రాసి దానికి వేలాడగట్టమన్నాను. "మార్కులు తగ్గుతాయేమో తాతా" అని కాసేపు నసిగి, చివరకు తనే గుండ్రని అక్షరాలతో రాసింది.

ప్రదర్శనకు ముందురోజు ముసలాయనను పిలిపించాము. మట్టి ఉండల పెట్టెను చుట్టూ తిరిగి చూచాడు. మాట్లాడకుండా పంచె కొంగు ముడి విప్పి, అందులోంచి పెసరగింజంత ఉప్పుకల్లు ఏరి పిల్ల అరచేతిలో పెట్టాడు. నాలుగు పలకలూ, పదునైన మూలలూ.

"మడిలో కదపకుండా వదిలేత్తే ఇలాగే కడతాది. ఎందుకలాగో నానెప్పుడూ అడగనేదు" అన్నాడు.

మనుమరాలు ఆ కల్లును పట్టుకెళ్లి నమూనా పక్కన పెట్టింది.