గచ్చు క్రింద గొట్టాలు – వేసవిలో చల్లని ఇల్లు

వేసవి మధ్యాహ్నము ఫర్షీ బండలపై ఒట్టి ఒంటితో మేను వాల్చే అలవాటు మన ప్రాంతములో తరతరాలుగా ఉన్నది. అక్కడ గాలి చల్లబడదు; మన దేహములోని వేడిని బండ గ్రహిస్తుంది. గచ్చు క్రింద గొట్టాలు పరచి, వాటిలో చల్లని నీటిని త్రిప్పి ఇంటిని చల్లబరచే పద్ధతికి మూలసూత్రము ఇదే. ఢిల్లీ ఎర్రకోటలో మహలుల నడుమ పారిన నహరె బిహిష్త్ దీనికి దూరపు చుట్టమే. అయితే ఆ నీరు బయలుగా పారేది; ఈ నీరు గొట్టము దాటి రాదు.

ముందుగా నేలపై వేడిని నిరోధించే పలకలు పరుస్తారు. వాటిపై 16 లేక 20 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గొట్టాన్ని సుమారు 15 సెంటీమీటర్ల ఎడముతో మెలికలుగా బిగించి, పీడనముతో నీరు నింపి, ఎక్కడా కారుట లేదని తేల్చుకొన్న పిదపనే కాంక్రీటు పోస్తారు. (తొందరపడి ఈ పరీక్షను మానుకొన్న మేస్త్రీ ఆ తరువాత గచ్చు పగులగొట్టవలసినదే.) సమాన ఘనపరిమాణములో నీరు గాలికంటె సుమారు 3,500 రెట్ల వేడిని మోయగలదు. కనుక పెద్ద పంకాలు చేసే పనిని చిన్న పంపు చేస్తుంది.

ఇక చిక్కంతా తేమతోనే. 40 డిగ్రీల ఎండలో గాలి తేమ 20 శాతమే ఉన్నప్పుడు మంచుబిందు స్థానము సుమారు 13 డిగ్రీలు. అప్పుడు 20 డిగ్రీల గచ్చు పొడిగానే ఉంటుంది. మచిలీపట్నము వంటి తీరపట్టణములో 35 డిగ్రీల వేడికి 60 శాతము తేమ తోడైతే ఆ స్థానము 26 డిగ్రీలకు చేరుతుంది. అదే గచ్చు చల్లని మంచినీళ్ళ గ్లాసు వలె చెమర్చి, వృద్ధులు కాలుజారి పడే ప్రమాదము తెచ్చిపెడుతుంది. తలుపులు మూసి గాలిలోని తేమను తీసివేయనిదే అక్కడ ఈ పద్ధతి తగదు. హైదరాబాదులోనైనను వానకాలములో ఇదే జాగ్రత్త అవసరము.

రెండవ పరిమితి శక్తికి సంబంధించినది. చదరపు మీటరు గచ్చు సాధారణముగా 40 వాట్ల వేడినే లాగుకొనగలదు. 12 అడుగులకు 15 అడుగుల గదిలో ఇది 670 వాట్లు. అనగా ఒక టన్ను శీతల యంత్రములో అయిదవ వంతు కూడ లేదు. పైకప్పుకు సున్నము కొట్టక, కిటికీలకు నీడ కల్పించక గొట్టాలపై ధనము వెచ్చించుట వృథా అని మా అభిప్రాయము. గచ్చుపై దట్టమైన తివాచీ పరచినను ఫలితము తగ్గుతుంది.

2006లో ప్రారంభమైన బ్యాంకాకు సువర్ణభూమి విమానాశ్రయములో గచ్చునే ఇట్లు చల్లబరచినారు. మన పోచారములో ఇన్ఫోసిస్ వారు 2011లో ఒకే భవనాన్ని రెండు సమభాగాలు చేసి, ఒక భాగములో మామూలు ఎయిర్ కండిషనింగ్‌ను, రెండవ భాగములో కాంక్రీటు శ్లాబులోనే గొట్టాలను అమర్చినారు. గొట్టాల భాగములో శీతలీకరణకు విద్యుత్తు 34 శాతము తక్కువ ఖర్చయినది. క్రొత్త పఠన మందిరమును తలపెట్టే ఏ కమిటీ అయినను ఈ లెక్కను చూడవలసి ఉన్నది. కట్టి ముగించిన భవనములో గచ్చు త్రవ్వి గొట్టాలు పరచుట చాల ఖరీదు.

బోరునీటినే నేరుగా త్రిప్పరాదా అని విద్యార్థులు అడుగుతుంటారు. హైదరాబాదు పరిసరాల భూగర్భజలము ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా, ఇంచుమించు 27 డిగ్రీలు ఉంటుంది. దానితో గది కొంత ఉపశమిస్తుందే గాని చల్లబడదు. పొడి వేసవిలో ఆ నీటిని ఆవిరి గోపురము గుండా జార్చిన యెడల 25 డిగ్రీలకు దిగుతుంది.