తాతల నాటి లోగిలి – సున్నంలో దాగిన రసాయన శాస్త్రం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. తాతలు కట్టిన ఇంటిని బాగుచేయించడం ఆ రెండింటికంటే కష్టమన్న సంగతి విదేశాలలో స్థిరపడిన తెలుగువారిలో పలువురికి అనుభవమే. కృష్ణా, గోదావరి డెల్టా గ్రామాలలో నేటికీ అక్కడక్కడ మండువా లోగిళ్ళు నిలిచి ఉన్నాయి. వీధి అరుగులు, టేకు స్తంభాలు, నాలుగు వైపుల నుండి లోపలికి వాలిన పెంకుల కప్పు, నడుమ ఆకాశానికి తెరచిన మండువా, పెరటివైపు ధాన్యపు కొట్టు, పశువుల పాక - రైతు కుటుంబపు జీవితమంతా అక్కడే సాగేది. తల్లిదండ్రులు వృద్ధులైన తరువాత ఆ ఇంటిని నిలబెట్టే బాధ్యత దూరదేశంలోని సంతానంపై పడుతుంది.

తరచుగా జరిగేది ఇది. గోడ అడుగున చెమ్మ ఎక్కి సున్నం పెచ్చులుగా రాలుతున్నదని ఊరి నుండి కబురు వస్తుంది. డబ్బు పంపుతారు. మేస్త్రి పాత పూతను చెక్కించి, గట్టి సిమెంటు పూత పూయించి, పైన ప్లాస్టిక్ పెయింటు వేయిస్తాడు. సంక్రాంతికి వెళ్ళిన వారికి ఇల్లు కొత్త పెళ్ళికూతురిలా కనిపిస్తుంది. కొన్ని వర్షాకాలాలు గడిచేసరికి మోకాలి ఎత్తున ఉన్న చెమ్మ నడుము ఎత్తుకు చేరుతుంది. రంగు పొక్కులు లేస్తుంది. పూత వెనుక ఇటుక పొడిపొడిగా రాలుతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. రెండు పదార్థాల స్వభావాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడమే దీనికి మూలం.

సున్నపురాయి రసాయనికంగా కాల్షియం కార్బొనేటు. బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడికి అది కార్బన్ డయాక్సైడును విడిచివేస్తుంది. 100 కిలోల స్వచ్ఛమైన రాయి నుండి 56 కిలోల పొడి సున్నం మిగులుతుంది. దానిపై నీరు పోస్తే కుతకుత ఉడికి తడి సున్నం, అనగా కాల్షియం హైడ్రాక్సైడు, తయారవుతుంది. దీనిని ఇసుకతో కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో మెత్తగా నలిపితే గానుగ సున్నం సిద్ధమవుతుంది. గోడకెక్కిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును నెలల తరబడి మెల్లగా గ్రహించి తిరిగి కాల్షియం కార్బొనేటుగా మారుతుంది. బట్టీలో రాయి విడిచినదానినే గోడపై సున్నం మళ్ళీ స్వీకరిస్తున్నదన్నమాట.

పూర్వపు మేస్త్రులు ఇందులో ఇటుక పొడిని కూడా కలిపేవారు. కాల్చిన మట్టిలోని సిలికా, అల్యూమినా సున్నంతో చర్య జరిపి నీటిలో కరగని బంధాలను ఏర్పరుస్తాయి. ప్రాచీన రోమనులు అగ్నిపర్వతపు బూడిదతో సాధించినదీ ఇదే. బెల్లపు నీటిలోని చక్కెర కాల్షియంతో కలిసి సున్నం మరింతగా కరగడానికి తోడ్పడుతుంది. కరక్కాయ కషాయం టానిన్లను అందిస్తుంది. ఈ పేర్లేవీ ఆ మేస్త్రులకు తెలియవు. ఫలితం మాత్రం తెలుసు.

పోర్ట్‌లండ్ సిమెంటుకు 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొందాడు. కాంక్రీటు భవనాలకు సిమెంటు సాటిలేనిది. చిక్కంతా పాత గోడతోనే. పాత ఇళ్ళలో నేలలోని చెమ్మను ఆపే పొర సాధారణంగా ఉండదు. ప్రమిదలో వత్తి గుండా నూనె ఎగబాకినట్లు, ఇటుకలోని సూక్ష్మరంధ్రాల గుండా నీరు పైకి పాకుతుంది. సున్నపు పూత ఆ నీటిని ఆవిరిగా బయటికి పోనిస్తుంది. నీటితో వచ్చిన లవణాలు పూతలోనే పేరుకొంటాయి. పూత రాలితే తిరిగి పూసుకోవచ్చు. దట్టమైన సిమెంటు పూత ఈ దారిని మూసివేస్తుంది. నీరు మరింత పైకి పోతుంది. లవణాలు ఇటుక లోపలే స్ఫటికాలు కడతాయి. ఉదాహరణకు, నిర్జల సోడియం సల్ఫేటు పది నీటి అణువులను చేర్చుకొన్నప్పుడు దాని ఘనపరిమాణం సుమారు నాలుగు రెట్లవుతుంది. ఆ ఒత్తిడికి మెత్తని పాత ఇటుక తట్టుకోలేదు.

డెల్టా నేల స్వభావం కూడా గమనింపదగినది. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. దానితో పునాది కొద్దిగా కదులుతుంది. సున్నపు అతుకు ఆ కదలికకు కొంత లొంగుతుంది. సన్నని బీటలు పడినా, చెమ్మలో కరిగిన సున్నం తిరిగి పేరుకొని వాటిని పూడ్చగలదు. సిమెంటు పూత లొంగక పగులుతుంది. ఆ పగులు గుండా లోపలికి పోయిన వాననీరు బయటికి రాలేదు.

ప్రవాసాంధ్రులు నివసించే దేశాలలోనూ ఇదే అనుభవం. పాత కట్టడాలకు కొత్త సొగసులు దిద్దడం కాక, ఉన్నదానిని మరమ్మతు చేసి కాపాడాలని విలియం మారిస్ బ్రిటనులో 1877లో ఒక సంఘాన్నే స్థాపించాడు. అమెరికా నేషనల్ పార్క్ సర్వీసు వెలువరించిన పరిరక్షణ పత్రాలలో రెండవది ఇటుకల నడుమ అతుకుల గురించే. కొత్త అతుకు ఇటుకకంటే మెత్తగా, ఆవిరిని పోనిచ్చేదిగా ఉండాలన్నది దాని సారాంశం.

లోగిలిని బాగుచేయించదలచిన వారు ముందుగా నీటి దారులను చూడాలి. పగిలిన పెంకులు మార్చి, మండువా తూము శుభ్రం చేయించి, వీధి ఎత్తు పెరిగి వాననీరు గోడవైపు మళ్ళుతూ ఉంటే దానిని తప్పించాలి. చాలాసార్లు సగం చెమ్మ ఇంతటితోనే తగ్గుతుంది. తరువాత ఒక పాలు సున్నం, మూడు పాళ్ళు ఇసుకతో పూత పూయించి, కొన్నాళ్ళు ఎండ తగలకుండా తడి ఆరనీయకుండా చూడాలి. పైన ప్లాస్టిక్ పెయింటుకు బదులు వెల్ల వేస్తే చాలు. పొడి సున్నం కంటిలో పడితే చూపుకే ప్రమాదం కనుక నీరు పోసే వేళ పిల్లలను దూరంగా ఉంచాలి.

టేకు స్తంభాలను పాతవని అమ్మివేయడం తొందరపాటు. టేకులోని టెక్టోక్వినోన్ వంటి పదార్థాలు చెదలను దూరంగా ఉంచుతాయి. అడుగు మాత్రమే పుచ్చితే అంతవరకు కోసి కొత్త టేకు ముక్క అతికించవచ్చు. పెద్దలకు కావలసిన స్నానాల గదులను గోడకు తడి తగలకుండా పెరటివైపు విడిగా కట్టించవచ్చు. విద్యుత్తు తీగల కోసం గోడలు తొలిపించనవసరం లేదు. గోడపైనే గొట్టాలలో నడపవచ్చు.

ఆ ఇంటి అందం, ఆరోగ్యం రెండు వేరు విషయాలు కావు. వేసవిలో చల్లని నడవ, వెల్ల వేసిన గోడ మీది మెత్తని వెలుగు, వాన చినుకులు రాలే మండువా - ఇవన్నీ ఆ పదార్థాల గుణాలే. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు కొత్త పనికి బేరం కుదుర్చుకొనే ముందు గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రి ఎవరైనా ఉన్నారేమో పెద్దలను అడగడం మంచిది. అటువంటి చేతులు ఇప్పటికే తక్కువ. ఉన్నవారు వృద్ధులు. వారి పక్కన ఒక యువకుడు నిలబడి ఆ పని నేర్చుకొంటే ఒక్క లోగిలితో పాటు మరెన్నో లోగిళ్ళు నిలుస్తాయి.